లైన్ నంబరు చూసి కోడ్ మార్చేస్తారా?

పాత కారు కుదుపుతోంది, స్కానర్ పెడితే పి0302 అంది. అంటే రెండో సిలిండర్లో మిస్‌ఫైర్. అంతే! ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా అన్నది చెప్పదు. ఎక్సెప్షన్ వచ్చిన లైన్లోనే బగ్ ఉండక్కర్లేదని మనకి తెలుసు కదా, మరి కారు దగ్గరికొచ్చేసరికి వరసపెట్టి పార్టులు మార్పించేస్తామెందుకు?

సిలిండర్‌కో కాయిల్ ఉన్న బండైతే, ఇంజన్ ఆపి రెండోదాని కాయిల్నీ, మూడోదాని కాయిల్నీ అటూఇటూ మార్చండి. కోడ్ చెరిపి కాస్త నడపండి. పి0303 వస్తే దోషి కాయిలే. మళ్ళీ పి0302 వస్తే ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్. ఒకసారికి ఒక్క మార్పే. పైసా ఖర్చులేని ఈ పరీక్ష చెయ్యకుండా బిల్లు రాసే మెకానిక్కుకి నేనైతే బండి ఇవ్వను.

అన్నట్టు, చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం నడపొద్దు. మండని పెట్రోలు వెళ్ళి కెటలిటిక్ కన్వర్టర్ని పాడుచేస్తుంది. అప్పుడు కాయిల్ ఖర్చే నయమనిపిస్తుంది!