రెండేళ్ల నేస్తాలు

చక్కిలిగింత పెడితే ఎలుక నవ్వుతుంది. మనకు వినబడదు, అంతే. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని పట్టుకోలేదు. సంతోషం పట్టలేక ఎలుక చేసే కిచకిచ 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన యాక్ పాంక్‌సెప్ 1990ల చివర్లో గబ్బిలాల కూతలు వినే పరికరం దగ్గర పెట్టుకుని, ఎలుకపిల్లల మెడ మీదా పొట్ట మీదా వేళ్లతో గిలిగింతలు పెట్టాడు. పరికరం నిండా కిచకిచలే. చెయ్యి తీసేస్తే పిల్లలు ఊరుకోలేదు, మళ్లీ ఆడించమని ఆ చేతి వెంటే పరుగెత్తాయి. భయపడినప్పుడు, బాధపడినప్పుడు అవే ఎలుకలు చేసే శబ్దం వేరు. 22 కిలోహెర్ట్జ్ దగ్గర సాగదీసిన కూత అది. జంతువుకు నవ్వేమిటని తోటి శాస్త్రవేత్తలు చాలామంది పెదవి విరిచారు. ఆయన వినలేదు. 2017లో కన్నుమూసేదాకా జంతువుల మనోభావాల మీదే పనిచేశాడు.

ఎలుకల్ని పెంచుకుంటున్నామని చెప్పేవాళ్లను మనవాళ్లు అదోలా చూస్తారు. ఆ ఇంట్లో మంచినీళ్లు పుచ్చుకోవడానికి కూడా చుట్టాలు వెనకాడతారు. నా మాట సూటిగా చెబుతాను. మనిషితో మనసు కలుపుకునే పెంపుడు జంతువుల్లో కుక్క తరవాత చెప్పుకోదగ్గది ఎలుక. గాజుతొట్టెలో చేపలకూ పంజరంలో పిట్టలకూ దొరికిన గౌరవం దానికి దొరక్కపోవడం అన్యాయం. పంజరంలో పిట్ట మనల్ని భరిస్తుంది. ఎలుక మనల్ని వెతుక్కుంటూ వస్తుంది.

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటుంది. తన దగ్గర రెండు మగ ఎలుకలు ఉండేవి, ఒకే ఈత పిల్లలు. మీగడ రంగుది జున్ను, ముదురు గోధుమ రంగుది బెల్లం. ఒక వేసవి వాటితో పాటు ఆ ఇంట్లో ఉన్నాను. ఎలుకలు పగలంతా పడుకుని పొద్దువాలాక లేస్తాయి కాబట్టి, అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చే వేళకు రెండూ పంజరం తలుపు దగ్గర నిలబడి ఉండేవి. మెట్ల మీద వేరేవాళ్ల అడుగులు వినబడితే కదిలేవి కావు. తన అడుగుల చప్పుడుకు మాత్రం ముందుకాళ్లు ఊచలకు ఆనించి, మీసాలు గబగబా ఆడిస్తూ లేచి నిలబడేవి.

తలుపు తీయగానే బెల్లం మనిషి చేతి మీదుగా పాకి, భుజం ఎక్కి, జుట్టు కింద దూరేది. జున్నుది నెమ్మది స్వభావం. ఒళ్లో దిగబడి, గడ్డం తీసుకొచ్చి నా అరచేతిలో ఆనించేది. చెవుల వెనక మెల్లగా రుద్దితే ఒళ్లంతా వదిలేసి పరుచుకునేది. కాసేపటికి పళ్లు సన్నగా కరకరమనేవి, చెయ్యి ఆనించి ఉంటేనే తెలిసేంత మెత్తని అదురు. ఆ వెంటనే కళ్లు రెండూ ముందుకూ వెనక్కూ చకచకా కదిలేవి. మొదటిసారి చూసినవాళ్లకు మూర్ఛ వచ్చిందేమో అనిపిస్తుంది. దవడను ఆడించే కండరం కంటి గుంత మీదుగా పోతుంది. పళ్లు నూరినప్పుడల్లా ఆ కండరం కంటిని నెడుతుంది. ఒళ్లు హాయిగా ఉన్నప్పుడు ఎలుక ఇలా చేస్తుందని పెంచేవాళ్లందరికీ తెలుసు. భయంలోనూ ఒక్కోసారి పళ్లు నూరుతుంది కాబట్టి, ఒళ్లు వదులుగా ఉందా బిగుసుకుందా అన్నది చూడాలంటారు.

బెల్లం నా చెవి పక్క వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని, పంటితో దువ్వి, నాలుకతో తడిపి సర్దుతుంటే నాకు గిలిగా ఉండేది. “అమ్మా, కదలకు. బెల్లంగాడు నీకు తల దువ్వుతున్నాడు” అనేది అమ్మాయి. ఎలుకలు తమలో తాము ఒకదానికొకటి చేసుకునే సేవ అది. గుంపులో మనిషిగా కాదు, ఎలుకగా నన్ను కలుపుకున్నాయని అర్థం. అంతకన్నా పెద్ద మర్యాద ఏ జంతువు నుంచీ నాకు దక్కలేదు.

ఈ చనువు ఒక్కరోజులో రాదు. వేటాడి తినేవాళ్ల నుంచి తప్పించుకుని బతకాల్సిన జాతి అది. పై నుంచి చెయ్యి దిగితే దానికి గద్ద దిగినట్టే. అందుకే చెయ్యి ఎప్పుడూ పక్కనుంచి, దాని కళ్ల ఎత్తులో వెళ్లాలి. తోక పట్టుకుని ఎత్తకూడదు. చర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది. చూపు తక్కువ, వాసనే దాని లోకం. కాబట్టి అమ్మాయి తను తొడిగి విడిచిన పాత చొక్కా ముక్క వాటి గూట్లో వేసింది. తరవాత చెంచాడు పెరుగుతో పంజరం పక్కన నేల మీద కూర్చునేది, తన పని తను చేసుకుంటూ. పెరుగు నాకి పారిపోయిన ఎలుక కొన్నాళ్లకు నాకి అక్కడే ఆగింది, ఇంకొన్నాళ్లకు పెరుగు లేకపోయినా వచ్చింది. ఆ చివరి మార్పు కోసమే ఓపిక పట్టాలి. తిండి కోసం వచ్చే జంతువుకూ మన కోసం వచ్చే జంతువుకూ మధ్య గీత అక్కడే ఉంది.

పెంపుడు ఎలుక పుట్టిల్లు ఇంగ్లండే అని చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో గోతిలోకి వందల ఎలుకల్ని వదిలి, వాటి మీదికి కుక్కను ఉసిగొల్పి, ఎన్నిటిని ఎంతసేపట్లో చంపుతుందో పందాలు కాసేవారు. ఎలుకల్ని పట్టి అమ్మడం ఒక వృత్తి. విక్టోరియా రాణి గారి ఎలుకలు పట్టేవాడినని చెప్పుకున్న జాక్ బ్లాక్, వలలో వింత రంగు ఎలుక పడితే చంపకుండా దాచి పిల్లలు పెట్టించేవాడు. తెల్లవి, మచ్చలవి వేరుచేసి ఇళ్లలో పెంచుకునేవాళ్లకు అమ్మేవాడు. హెన్రీ మేహ్యూ లండన్ బీదల జీవితం మీద రాసిన పెద్ద గ్రంథంలో అతని మాటలు నమోదయ్యాయి. 1901లో మేరీ డగ్లస్ అనే ఆవిడ చిట్టెలుకల పోటీలు జరిపే సంఘాన్ని అడిగి, ఐల్స్‌బరీ ప్రదర్శనలో ఎలుకలకూ చోటు ఇప్పించింది. ఆవిడ ఎలుకే అక్కడ గెలిచింది. 1976లో ఇంగ్లండ్‌లో నేషనల్ ఫ్యాన్సీ ర్యాట్ సొసైటీ పుట్టింది. పిల్లల పుస్తకాల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ కూడా సామీ అనే తెల్ల ఎలుకను పెంచింది. అది చనిపోయాక 1908లో వచ్చిన తన ఎలుకల కథను దాని జ్ఞాపకానికే అంకితం ఇచ్చింది. పందెపు గోతికి పోవాల్సిన ప్రాణి పుస్తకం అంకితం దాకా రావడం వెనక, దాన్ని చేతిలోకి తీసుకుని చూసిన ఇలాంటి కొద్దిమంది ఉన్నారు.

ఆప్యాయతా గీప్యాయతా ఏమీ లేదు, అంతా తిండి యావే అనేవాళ్లకు బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన పని చూపిస్తాను. ఎలుకలకు దాగుడుమూతలు నేర్పారు. గదిలో అట్టపెట్టెలు, మరుగులు పెట్టి, మనిషి దాక్కుంటే ఎలుక వెతకాలి, ఎలుక దాక్కుంటే మనిషి వెతకాలి. గెలిచినందుకు తిండి పెట్టలేదు. బహుమతి చక్కిలిగింతలే, కాసేపు చేత్తో ఆటే. వెతికేటప్పుడు కిచకిచలాడుతూ తిరిగిన ఎలుక, దాక్కున్నప్పుడు మాత్రం నోరు మెదపలేదు. లోపల ఉన్నది కనబడే పెట్టెలకన్నా కనబడని పెట్టెల్నే ఎంచుకుంది. దొరికిపోయాక కూడా చేతికి రాకుండా ఎగురుతూ వెళ్లి మళ్లీ దాక్కుంది. ఆట ముగియడం దానికి ఇష్టం లేదు. నేల మీద పిల్లలతో ఆడిన ప్రతి తల్లికీ ఈ పట్టుదల తెలుసు.

షికాగో విశ్వవిద్యాలయంలో 2011లో తేలిన సంగతి ఇంకా లోతైనది. ఒక ఎలుకను ఇరుకు గొట్టంలో బంధించి, దాని తోటి ఎలుకను బయట వదిలారు. బయటిది రోజుల తరబడి తంటాలు పడి గొట్టం తలుపు తెరవడం నేర్చుకుంది, నేస్తాన్ని విడిపించింది. పక్కన ఇంకో గొట్టంలో చాక్లెట్ ముక్కలు పెడితే చాలాసార్లు రెండూ తెరిచి, చాక్లెట్‌ను విడిపించిన దానితో పంచుకుంది. అదే బృందం 2014లో చూపించినది నా మనసులో నిలిచిపోయింది. పుట్టినప్పటి నుంచీ వేరే రకం ఎలుకల మధ్య పెరిగిన తెల్ల ఎలుక, ముక్కూమొహం తెలియకపోయినా ఆ రకం ఎలుకనే విడిపించింది. తన రంగుదే అయిన పరాయి తెల్ల ఎలుకను పట్టించుకోలేదు. ఎవరి మధ్య పెరిగితే వాళ్లే తనవాళ్లు. మనిషి ఇంట్లో పెరిగిన ఎలుక మనిషి భుజం మీద ఎందుకు నిద్రపోతుందో నాకు ఇక్కడ అర్థమైంది. ఆ ఎలుకను గొట్టంలో బంధించి తెలుసుకున్నాం కదా అన్న బాధ కూడా దాంతోపాటే ఉంది.

ఇక మురికి, రోగాలు. వరిచేలో కంకులు కొరికేసే ఎలుక మీద, బస్తాలకు చిల్లులు పెట్టే పందికొక్కు మీద రైతు కోపం న్యాయమైనదే. ఎలుక జ్వరం ప్రాణాలు తీస్తుంది, అదీ నిజమే. అయితే పొలం గట్టున బొరియ తవ్వే పందికొక్కు, మన ఇంటి చూరులో పరుగెత్తే నల్ల ఎలుక, పెంపుడు ఎలుక మూడూ వేర్వేరు జాతులు. పెంపుడు ఎలుక వంశం గోధుమ రంగు ఎలుకది. ప్రయోగశాలల్లోని తెల్ల ఎలుకలూ ఆ వంశమే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ స్థూలకాయం మీద పరిశోధనకు వాడే లావు ఎలుకలు కూడా వీటి దాయాదులే. చాలా తరాలుగా మనుషుల చేతుల్లో పుట్టి పెరిగినవి కావడంతో పిరికితనం, కరిచే గుణం బాగా తగ్గాయి. మెలకువగా ఉన్న సమయంలో చాలాభాగం అవి ఒళ్లు శుభ్రం చేసుకోవడానికే వెచ్చిస్తాయి. అలాగని రోగాలే రావని చెప్పను. 2017లో అమెరికాలో పెంపుడు ఎలుకల నుంచి సియోల్ వైరస్ కొన్ని రాష్ట్రాల్లో మనుషులకు సోకింది. నమ్మకమైన చోట కొనడం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం, అడవి ఎలుకల్ని వాటి దగ్గరికి రానివ్వకపోవడం తప్పనిసరి. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో అయితే ఎలుకను పెంచడమే నేరం. తమ పొలాల్లో ఎలుక అన్నది లేకుండా కాపాడుకున్న రాష్ట్రం అది, వాళ్ల కారణం వాళ్లకుంది.

నాకు జవాబు దొరకని అభ్యంతరం ఒక్కటే, ఆయుష్షు. రెండేళ్లు, మహా అయితే మూడు. ఆడవాటికి రొమ్ము కణితులు తరచుగా వస్తాయి. చాలావాటిలో ఊపిరితిత్తుల్ని పీడించే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి లోపలే ఉండి, దుమ్ము, మూత్రం ఘాటు పెరగ్గానే పైకి లేస్తుంది. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా కారితే రక్తమని భయపడతారు. అది కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే రంగు. కానీ ఒంట్లో బాగాలేదని అది చెప్పే కబురు కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు. బెల్లం ఊపిరి ఆడక పోయాడు. అమ్మాయి ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు, నేనూ పెట్టెయ్యలేదు. ఎలుక కోసం ఏడుపేమిటని అన్నవాళ్లున్నారట. రోజూ సాయంత్రం తన అడుగుల చప్పుడు కోసం నిలబడిన ప్రాణి పోతే ఏడవకుండా ఎలా ఉంటారు? జున్ను తిండి తగ్గించి, అన్న పడుకునే మూలకు వెళ్లి వాసన చూస్తూ తిరిగాడు. అమ్మాయి ఇంకో రెండు పిల్లల్ని తెచ్చి మెల్లగా అలవాటు చేస్తే గానీ తేరుకోలేదు.

మన నగరాల్లోనూ పెంపుడు జంతువుల దుకాణాల్లో ఇప్పుడు తెల్ల ఎలుకలు అమ్ముతున్నారు. పిల్లలు ముచ్చటపడుతున్నారు, పెద్దవాళ్లు బొమ్మ కొన్నట్టు ఒకటి కొనిస్తున్నారు. ఆ ముచ్చట మంచిదే, దాన్ని అణచవద్దు. అయితే ఒంటరి ఎలుక దిగులుతో చిక్కిపోతుంది. మన ప్రేమ ఎంత ఉన్నా రాత్రంతా దాని పక్కన ముడుచుకుని పడుకోలేం. కొనేటట్టయితే రెండు కొనండి, రెండూ మగవో రెండూ ఆడవో చూసుకుని. మూడు వారాల్లోనే ఈనే జాతి అది, జంటను తెస్తే ఇల్లు నిండిపోతుంది. అడుగున రంపపు పొట్టు వద్దు, కాగితం ముక్కలో పాత గుడ్డలో వేయండి. ఎలుక వాంతి చేసుకోలేదు, అందుకని ఏది పడితే అది పెట్టవద్దు. రోజూ సాయంత్రం గంటసేపు నేల మీద కూర్చునే తీరిక ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి. అన్నిటికన్నా ముందు, మీ ఊళ్లో ఎలుకకు వైద్యం చేసే పశువైద్యులు ఉన్నారేమో కనుక్కోండి. లేకపోతే తెచ్చుకోకండి.