బ్రిటన్ ప్రధానికి గీటురాయి

2004లో లీడ్స్ విశ్వవిద్యాలయం, మోరి సర్వే సంస్థ కలిసి రాజనీతి, ఆధునిక చరిత్ర ఆచార్యుల అభిప్రాయాలు సేకరించి, ఇరవయ్యో శతాబ్దపు బ్రిటన్ ప్రధానమంత్రులకు స్థానాలు నిర్ణయించినప్పుడు, ప్రథమ స్థానం విన్‌స్టన్ చర్చిల్‌కు గానీ మార్గరెట్ థాచర్‌కు గానీ దక్కలేదు. ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడే, జనాన్ని ఉర్రూతలూగించే వాక్పటిమ ఏ కోశానా లేని క్లెమెంట్ అట్లీకి దక్కింది. చర్చిల్ రెండో స్థానంలో, లాయిడ్ జార్జ్ మూడో స్థానంలో, థాచర్ నాలుగో స్థానంలో నిలవగా, మూడుసార్లు విదేశాంగ మంత్రిగా పనిచేసి దౌత్యంలో ఆరితేరారని పేరుపొందిన ఆంథొనీ ఈడెన్ అట్టడుగున మిగిలారు. అనుభవం, ప్రతిభ, వాక్చాతుర్యం, జనాదరణ మంచి ప్రధానిని తయారుచేయడానికి చాలవని ఈ వరుసే చెబుతోంది. రాతపూర్వకమైన హద్దులు దాదాపు లేని పదవిలో కూర్చున్న వ్యక్తి, తనను కాదనగల స్థానంలో ఉన్న మంత్రివర్గంతో, పార్లమెంటుతో, అధికార యంత్రాంగంతో ఎలా మెలిగారన్నదే ఆ పదవికి సరైన గీటురాయి అని మూడు వందల ఏళ్ల బ్రిటన్ చరిత్ర నిరూపిస్తోంది.

చట్టం సృష్టించని పదవి

బ్రిటన్ ప్రధానమంత్రి పదవిని ఏ చట్టమూ సృష్టించలేదు. 1721లో ఖజానా సారథ్యం చేపట్టిన రాబర్ట్ వాల్పోల్‌ను చరిత్రకారులు తొలి ప్రధానిగా లెక్కిస్తారు గానీ, అధికారికంగా ఆయన ‘ఫస్ట్ లార్డ్ ఆఫ్ ద ట్రెజరీ’ మాత్రమే. లండన్‌లోని 10 డౌనింగ్ స్ట్రీట్ తలుపుకున్న ఇత్తడి పలకపై నేటికీ కనిపించేది ఆ హోదా పేరే. ప్రధానమంత్రి హోదాకు చట్టప్రకారం జీతం ఏర్పడింది 1937లో. ఇలా ఆచారంగా ఎదిగిన పదవి కనుక, దాని అధికారాల జాబితా గానీ పరిమితుల జాబితా గానీ ఒక్కచోట రాసిపెట్టి ఉండదు. మంత్రులను ఎంపిక చేయడం, తొలగించడం, మంత్రివర్గ సమావేశపు ఎజెండాను నిర్ణయించడం, భద్రతా వ్యవస్థను నడిపించడం వంటివన్నీ ఒకే వ్యక్తి చేతిలో ఉంటాయి.

ఆ అధికారం ఎంత దూరం పోతుందో ఒక్క ఉదాహరణ చాలు. కొత్త ప్రధాని పదవి చేపట్టగానే చేసే తొలి పనుల్లో ఒకటి, అణ్వస్త్రాలు మోసే నాలుగు జలాంతర్గాముల కమాండర్లకు స్వదస్తూరీతో నాలుగు లేఖలు రాయడం. శత్రుదాడిలో దేశంలోని ప్రభుత్వమంతా తుడిచిపెట్టుకుపోతే ఏం చేయాలో ఆదేశించే ఆ లేఖలకు సీలు వేసి జలాంతర్గాముల్లో భద్రపరుస్తారు, ప్రధాని పదవి దిగిపోయాక వాటిని తెరవకుండానే ధ్వంసం చేస్తారు. ఆ లేఖల్లో ఏముందో పార్లమెంటుకూ తెలియదు, తర్వాత వచ్చే ప్రధానికీ తెలియదు.

ఇంతటి అధికారానికి కళ్లెం వేసేవి రాజ్యాంగ సంప్రదాయాలు, అంటే చట్టంలో లేకపోయినా అందరూ కట్టుబడి ఉండే ఆచారాలు. ప్రజలెన్నుకున్న హౌస్ ఆఫ్ కామన్స్ విశ్వాసం ఉన్నంతవరకే ప్రధాని పదవిలో ఉండాలన్నది వాటిలో మొదటిది. మంత్రివర్గం లోపల ఎంతైనా వాదించుకోవచ్చు గానీ, తీసుకున్న నిర్ణయానికి మంత్రులందరూ కలిసి సభకు జవాబుదారీ కావాలన్న సమష్టి బాధ్యతా సూత్రం రెండోది. ఈ సూత్రాన్నే భారత రాజ్యాంగ నిర్మాతలు 75వ అధికరణలో రాతపూర్వకంగా పొందుపరిచారు. బ్రిటన్‌లో మాత్రం ఆ సంప్రదాయాలు నిలవడమన్నది ఎక్కువగా ప్రధాని స్వీయ నిగ్రహం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే అక్కడ వ్యక్తి గుణగణాలకు అంత ప్రాధాన్యం.

మంత్రివర్గంలో వాదనకు చోటు

మంత్రివర్గాన్ని భాగస్వామిగా చూడటం ఎలా ఉంటుందో 1976 నాటి సంక్షోభం చక్కగా చూపుతుంది. పౌండ్ విలువ పతనమవుతుండగా జేమ్స్ కలహన్ ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 390 కోట్ల డాలర్ల రుణం కోరవలసి వచ్చింది, అందుకు షరతుగా ప్రభుత్వ వ్యయంలో భారీ కోతలు విధించవలసి వచ్చింది. ఆర్థికమంత్రి డెనిస్ హీలీ కోతలు తప్పవన్నారు, విదేశాంగ మంత్రి ఆంథొనీ క్రాస్‌లాండ్ అవి అనవసరమన్నారు, ఇంధన మంత్రి టోనీ బెన్ దిగుమతులపై ఆంక్షలు పెట్టి దేశం తన దారి తాను చూసుకోవాలన్నారు. కలహన్ తన నిర్ణయాన్ని ముందే ప్రకటించి మంత్రుల నోరు నొక్కలేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో మంత్రివర్గాన్ని మళ్లీమళ్లీ సమావేశపరిచి, ప్రతి వాదనకూ పూర్తి సమయమిచ్చి, ప్రత్యామ్నాయాల బలాబలాలు అందరి ఎదుటా తేలిన తర్వాతే హీలీ పక్షాన నిలిచారు. తన వాదనపై నమ్మకం చెదరకపోయినా క్రాస్‌లాండ్ ప్రధానిని ఇరకాటంలో పెట్టడం ఇష్టంలేక వెనక్కి తగ్గారు. లేబర్ పార్టీని నిలువునా చీల్చగల నిర్ణయం మీద ఒక్క మంత్రి కూడా రాజీనామా చేయలేదు. తమ మాట నెగ్గకపోయినా పూర్తిగా విన్నారన్న నమ్మకమే వారిని కలిపి ఉంచింది.

అట్లీ మంత్రివర్గంలో ఎర్నెస్ట్ బెవిన్, అన్యూరిన్ బెవన్, హెర్బర్ట్ మోరిసన్, స్టాఫర్డ్ క్రిప్స్ వంటి ఉద్దండులు ఉండేవారు. వారిలో కొందరికి ఒకరంటే ఒకరికి పడేది కాదు, అట్లీని దించి ఆ స్థానంలో కూర్చోవాలన్న ఆశ ఉన్నవారూ లేకపోలేదు. ఆసుపత్రులను స్థానిక సంస్థల చేతిలోనే ఉంచాలని మోరిసన్, అన్నింటినీ జాతీయం చేయాలని బెవన్ వాదించినప్పుడు, అట్లీ ఇద్దరినీ విని బెవన్ పక్షాన తీర్పిచ్చారు. దాని ఫలితమే 1948 జులై 5న ప్రారంభమై, చికిత్స అవసరమైన చోట డబ్బు ప్రసక్తి లేకుండా చేసిన జాతీయ ఆరోగ్య సేవ. అయితే ఆ అట్లీయే 1947 జనవరిలో అణుబాంబు తయారీ నిర్ణయాన్ని కొద్దిమంది మంత్రుల ఉపసంఘంలో రహస్యంగా తీసుకుని, పూర్తి మంత్రివర్గానికి తెలియనివ్వలేదు. ఉత్తముడిగా పేరొందిన ప్రధాని సైతం అభ్యంతరం చెప్పేవారిని తప్పించుకోవాలన్న ఆకర్షణకు అతీతుడు కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

ఆ ఆకర్షణ ఎంత ప్రమాదకరమో టోనీ బ్లెయిర్ పాలనలోని రెండు ఘట్టాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1998 ఏప్రిల్ 10న ఉత్తర ఐర్లండ్‌లో కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందానికి ఆయన పరస్పర శత్రువులైన పక్షాలతో ఓపికగా కూర్చుని, ఐర్లండ్ ప్రభుత్వంతో కలిసి పనిచేసి మార్గం వేశారు. 2003లో ఇరాక్‌పై యుద్ధానికి సిద్ధమైనప్పుడు మాత్రం అదే వ్యక్తి కీలక చర్చలను కొద్దిమంది సన్నిహితులకు పరిమితం చేశారు. దాడి చట్టబద్ధమేనా అన్న ప్రశ్నపై అటార్నీ జనరల్ మార్చి 7న ఇచ్చిన సవివర అభిప్రాయంలోని సందేహాలు, మార్చి 17న మంత్రివర్గం ముందుకొచ్చిన క్లుప్త ప్రకటనలో లేవు. ఈ అనధికారిక పాలనా శైలిని 2004లో బట్లర్ కమిటీ, 2016లో చిల్కాట్ విచారణ సంఘం తప్పుపట్టాయి. వ్యక్తి మారలేదు, సామర్థ్యం తగ్గలేదు. వినే పద్ధతి మారడంతో ఫలితం తారుమారైంది.

దృఢసంకల్పం ఉన్న నాయకులు అందరి మాటా వింటూ కూర్చుంటే పనులు సాగవన్న వాదన ఉంది, దానికి థాచర్‌ను ఉదాహరణగా చూపుతారు. తొలి ఏళ్లలో సహచరుల సంశయాలను ఎదిరించి ఆమె ఆర్థిక వ్యవస్థ దిశను మార్చిన మాట నిజమే. కానీ ఆమె పతనమూ ఆ స్వభావం నుంచే వచ్చింది. ఆస్తి విలువతో నిమిత్తం లేకుండా పెద్దలందరి నుంచి తలకింత చొప్పున వసూలు చేసే స్థానిక పన్ను, అంటే పోల్ ట్యాక్స్ తగదని ఆర్థికమంత్రి నైజెల్ లాసన్ హెచ్చరించినా ఆమె ఖాతరు చేయలేదు. ఆ పన్ను 1989లో స్కాట్లండ్‌లో, 1990లో ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలై వీధుల్లో ఆందోళనలకు దారితీసింది. మరో విభేదంపై లాసన్ 1989లో తప్పుకున్నారు, 1990 నవంబరు 1న జెఫ్రీ హౌ రాజీనామా చేశారు, నెల తిరగకుండానే ఆమె పదవి వదిలారు. సంకల్పబలం ప్రధానికి అవసరమే గానీ, హెచ్చరికను శత్రుత్వంగా భావించడం మొదలైన రోజు అదే బలం బలహీనత అవుతుంది.

సభకు సత్యం, నిపుణులకు గౌరవం

సభను నమ్మించడానికీ సభకు నిజం చెప్పడానికీ మధ్య ఉన్న దూరమే ఈడెన్‌ను ముంచింది. 1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేయగా, పారిస్ శివార్లలోని సెవ్ర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ రహస్యంగా ఒడంబడిక చేసుకున్నాయి. ఇజ్రాయెల్ ముందుగా దాడి చేయాలి, పోరాటాన్ని ఆపే నెపంతో మిగిలిన రెండు దేశాలు సైన్యాన్ని దించాలి అన్నది దాని సారాంశం. అమెరికా ఆగ్రహించడంతో, పౌండ్ ఒత్తిడికి లోనవడంతో సైన్యం వెనుదిరగక తప్పలేదు. డిసెంబరు 20న ఈడెన్ ఇజ్రాయెల్ దాడి గురించి ముందస్తుగా తెలియదని సభలో చెప్పి, మరుసటి నెలలోనే అనారోగ్య కారణాలతో వైదొలిగారు. 2023లో హౌస్ ఆఫ్ కామన్స్ హక్కుల కమిటీ, కోవిడ్ ఆంక్షల కాలంలో డౌనింగ్ స్ట్రీట్‌లో జరిగిన విందుల విషయంలో బోరిస్ జాన్సన్ ఉద్దేశపూర్వకంగా సభను తప్పుదోవ పట్టించారని తేల్చగా, సభ ఆ నివేదికను 354–7 ఓట్లతో ఆమోదించింది.

పార్టీకి భయపడకుండా దేశానికి నిజం చెప్పడం మరో కోణం. ధాన్యం దిగుమతులపై సుంకాలను 1846లో రద్దుచేసిన రాబర్ట్ పీల్, తన పార్టీ చీలిపోతుందని తెలిసీ వెనుకాడలేదు. యూరోపియన్ యూనియన్‌పై తన పార్టీలోని కలహాన్ని చల్లార్చే ఉద్దేశంతో ప్రజాభిప్రాయ సేకరణకు హామీ ఇచ్చిన డేవిడ్ కామెరాన్, బయటకు రావాలని తీర్పు వస్తే ఏం చేయాలన్న ప్రణాళికను సిద్ధం చేయించలేదు. 2016 జూన్ 23న 51.9 శాతం మంది అదే తీర్పిచ్చారు, దాని ఫలితాలను మోయడం తర్వాతివారి వంతైంది.

నిపుణులను పక్కనపెట్టడం ఎంత వేగంగా శిక్షిస్తుందో లిజ్ ట్రస్ ఉదంతం చెబుతుంది. పదవిలోకి వస్తూనే ఆమె ప్రభుత్వం ఆర్థికశాఖలోని అత్యున్నత అధికారిని తొలగించింది. 2022 సెప్టెంబరు 23న సుమారు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలను ప్రకటించినప్పుడు, ప్రభుత్వ లెక్కలను స్వతంత్రంగా మదింపు చేసే బడ్జెట్ సంస్థ అంచనాలు వెలువడకుండానే ముందుకు సాగింది. ప్రభుత్వ రుణపత్రాల ధరలు కుప్పకూలి, పింఛను నిధులు చిక్కుల్లో పడటంతో 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగవలసి వచ్చింది. ఆమె పాలన 49 రోజులకే ముగిసింది. చర్చిల్ స్వభావం ఆమె కంటే ఎన్నో రెట్లు మొండిది. అయినా యుద్ధకాలంలో త్రివిధ దళాధిపతులతో అర్ధరాత్రి దాకా వాదించి కూడా, వారి ఏకాభిప్రాయాన్ని తోసిరాజన్న సందర్భాలు బహు అరుదు.

ఎవరికి మంచి ప్రధాని?

ఈ గీటురాయికి ఒక పెద్ద పరిమితి ఉంది. సభకు, మంత్రివర్గానికి జవాబుదారీగా ఉండటం ఆ సభకు ఓటేసిన ప్రజలకు మేలు చేస్తుంది, ఓటు లేని వలస దేశాల ప్రజలకు అది రక్షణ కాదు. 1940 మేలో నాజీ జర్మనీతో రాజీకి తావులేదని మంత్రులను ఒప్పించి స్వేచ్ఛా ప్రపంచాన్ని నిలబెట్టిన చర్చిల్, 1943లో బెంగాల్ కరవు సుమారు 30 లక్షల మందిని బలిగొంటున్నప్పుడు ధాన్యపు ఓడల కోసం ఇండియా నుంచి వచ్చిన విజ్ఞప్తులకు తగినట్టు స్పందించలేదు. భారతీయుల దృష్టిలో ఆయన స్థానం బ్రిటిష్ ఆచార్యులు ఇచ్చిన స్థానం కాజాలదు, కాకూడదు కూడా.

అట్లీకీ ఈ లెక్క వర్తిస్తుంది. భారతీయులు ఒక్కరూ లేని సైమన్ కమిషన్‌లో ఆయన సభ్యుడు. 1928లో ఆ కమిషన్‌కు నిరసనగా మద్రాసులో సాగిన ప్రదర్శనలోనే టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపి ‘ఆంధ్రకేసరి’ అయ్యారు. పంతొమ్మిదేళ్ల తర్వాత, 1947 ఫిబ్రవరి 20న, 1948 జూన్‌లోగా భారతీయులకు అధికారం అప్పగిస్తామని సభలో ప్రకటించినవారు ఆ అట్లీయే. గడువు ఆగస్టు 15కు ముందుకు జరిగి, సరిహద్దు గీత ఆ తర్వాత రెండు రోజులకు వెలువడి, లక్షలాది ప్రాణాలు పోయి కోటిమందికి పైగా నిరాశ్రయులైన దేశవిభజన ఘోరంలో ఆయన ప్రభుత్వ బాధ్యత తక్కువేమీ కాదు. సామ్రాజ్యం ఇక నిలవదని అంగీకరించిన వివేకాన్నీ, నిష్క్రమణలో చూపిన తొందరపాటునూ ఒకేచోట తూచడమే న్యాయం.

పదవిలో ఉన్నప్పుడు దక్కే చప్పట్లతో ప్రధాని మంచిచెడులు తేలవు. 1951లో చర్చిల్ తిరిగి అధికారంలోకి వచ్చినా, అట్లీ స్థాపించిన ఆరోగ్య సేవను కన్జర్వేటివ్‌లు కూల్చలేదు. పోల్ ట్యాక్స్‌ను మాత్రం 1993లో థాచర్ సొంత పార్టీ ప్రభుత్వమే చెత్తబుట్టలో వేసింది. వాదనల్లో నలిగి, సభలో నిగ్గుతేలిన నిర్ణయానికి ప్రత్యర్థులు కూడా తలొగ్గుతారు, ఒక్కరి పట్టుదలతో రుద్దిన నిర్ణయాన్ని స్వపక్షమే మోయలేక వదిలేస్తుంది. 2016 నుంచి 2024 వరకు ఎనిమిదేళ్లలో కామెరాన్, థెరెసా మే, జాన్సన్, ట్రస్, రిషి సునాక్, కీర్ స్టార్మర్ రూపంలో ఆరుగురు ప్రధానులను చూసిన బ్రిటన్‌కు ఈ పాఠం మిక్కిలి అవసరం. ఆ నమూనాలోనే మంత్రివర్గ పాలనను ఏర్పరచుకున్న భారతదేశానికీ ఇది అక్కరకొస్తుంది. నాయకుడు ఎంత బిగ్గరగా మాట్లాడుతున్నారన్నది పక్కనపెట్టి, ఆయన చుట్టూ నిర్భయంగా విభేదిస్తూనే కొనసాగగలుగుతున్నవారు ఎంతమంది ఉన్నారో పౌరులు లెక్కపెట్టాలి. ఆ సంఖ్య సున్నాకు చేరిన ప్రభుత్వం ఎంత బలంగా కనిపించినా, దాని తప్పులను దిద్దేవారు ఇక లోపల ఎవరూ మిగలలేదని అర్థం.