కాపలా వేరు, నిఘా వేరు

వలస పాలమూరుకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుంచి చదువులకూ కొలువులకూ హైదరాబాదు బస్సెక్కే పిల్లలతో ఇప్పుడు ఫోనూ ఊరు దాటుతోంది. ఇంట్లో దానికున్న కాపలా మాత్రం జడ్చర్ల దాకా కూడా వెంట రాదు.

ఆ కాపలా పేరు పై-హోల్. ఉచిత సాఫ్ట్‌వేర్. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌లో వేసి, ఇంటి రౌటర్‌కు కలిపి, సైట్ల చిరునామాలన్నీ దాన్నే అడిగేలా అమర్చుకోవాలి. ఫోనైనా టీవీ అయినా ప్రకటనల సర్వర్ చిరునామా అడిగితే సున్నాలు చేతిలో పెడుతుంది. నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల ఎరలు కొన్ని అక్కడే ఆగుతాయి. యూట్యూబ్ ప్రకటనలు వీడియోలు వచ్చే దారినే వస్తాయి గనుక దీనికి చిక్కవు.

ఊరు దాటినా ఇది పనిచేయాలని కొందరు రౌటర్‌లో చిరునామాల ప్రశ్నలు వచ్చే 53వ పోర్టు తెరిచేస్తారు. అప్పుడు మన పిల్లలే కాదు, లోకమంతా అడుగుతుంది. దుండగులు వేరొకరి చిరునామా పెట్టి చిన్న ప్రశ్న వేస్తే, మన పెట్టె ఆ అమాయకుడి మీదికి పెద్ద జవాబు విసురుతుంది. 2013లో స్పామ్‌హౌస్ సంస్థపై జరిగిన భారీ దాడికి ఇలా తెరిచి ఉంచిన సర్వర్లే ఆయుధాలయ్యాయి.

మేలైన దారి వైర్‌గార్డ్. బయటున్న ఫోన్‌ను రహస్య దారిలో ఇంటి నెట్‌కు కలిపే వీపీఎన్ ఇది. 2020లో లినక్స్ కెర్నల్‌లోనే చేరిన ఇది, తాళంచెవి లేనివాడు తలుపు తడితే అసలు పలకదు. ఒక్కో ఫోన్‌కు ఒక్కో తాళంచెవి. ఫోన్ పోతే ఆ ఒక్కదాన్నే రద్దు చేయొచ్చు. దీనికి బయటి నుంచి నేరుగా చేరగల చిరునామా, అంటే పబ్లిక్ ఐపీ కావాలి. అన్ని కనెక్షన్లకూ అది ఉండదు, నెట్ ఇచ్చేవారిని ముందే అడగాలి. వనపర్తిలో కరెంటు పోతే ఇంటి పెట్టె ఆగి, హైదరాబాదులో అమ్మాయి ఫోన్‌లో సైట్లు తెరుచుకోవు. వీపీఎన్ ఆపే మీట ఎక్కడుందో తనకు చూపించి పంపాలి.

ఇంతా చేశాక ఒక మాట మిగిలింది. ఏ ఫోన్ ఎన్ని గంటలకు ఏ సైటు పేరు అడిగిందో పై-హోల్ చిట్టా రాస్తుంది. హాస్టల్ గదిలో అర్ధరాత్రి అమ్మాయి వెతికిన సైట్ల పేర్లు పొద్దున్నే నాన్న కళ్లబడతాయి. ప్రకటనల కంపెనీ చేస్తే తప్పన్న పనే ఇది. ఆ చిట్టాను ఆపేసే వీలు అందులోనే ఉంది. ముందు దాన్ని ఆపండి, ఆపామని పిల్లలకు చెప్పండి, ఆ తర్వాతే తాళంచెవి ఇవ్వండి.