ఏది దగ్గర?

అయిదో తరగతి పిల్ల నోటుపుస్తకం ఈ మధ్య నా చేతికొచ్చింది. '432ను దగ్గరి వందకు సవరించండి' అన్న ప్రశ్నకు జవాబు 300 అని రాసుంది. ఎలా వచ్చిందమ్మా అని అడిగితే తడుముకోకుండా చెప్పింది. "వందల పక్కన 3 ఉంది కదా సార్. అయిదు, ఆ పైన ఉంటే పెంచాలి. తక్కువుంటే తగ్గించాలి. అందుకే 4ను తగ్గించి 3 చేశాను."

నేను పుస్తకం మూసేసి, "నీ దగ్గర 432 రూపాయలున్నాయనుకో. అది నాలుగొందలకు దగ్గరా, అయిదొందలకు దగ్గరా?" అన్నాను. "నాలుగొందలకే" అంది వెంటనే. ఒక్క క్షణం ఆగి, తనే పుస్తకం తెరిచి, రబ్బరు తీసి 300ను చెరిపేసింది.

ఆ పిల్లకు లెక్క తెలుసు. మనం నేర్పిన సూత్రమే దానికి అడ్డొచ్చింది. 'తగ్గించాలి' అన్న ఒక్క మాట పట్టుకుని నాలుగొందలు దాటి మూడొందలకు వెళ్లిపోయింది. సంఖ్యల్ని సవరించడం నేర్పేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏది దగ్గర? ఆ ప్రశ్న పిల్లల మనసులో పాతుకున్నాకే సూత్రం చెప్పాలి. మన బడుల్లో ఈ వరుస తలకిందులైంది.

అసలు 'సవరించడం' అన్న మాట దగ్గరే చిక్కుంది. తెలుగులో సవరించడమంటే తప్పు దిద్దడం కూడా. 432లో ఏదో తప్పుందని, దాన్ని దిద్దాలని కొందరు పిల్లలు నిజంగానే అనుకుంటారు. ఆ సంఖ్యలో తప్పేమీ లేదని, మన అవసరానికి దాని పక్కనున్న తేలిక సంఖ్యను వాడుకుంటున్నామని మొదటి రోజే చెప్పాలి. చెప్పడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు. పెళ్లికి ఎంతమంది వచ్చారంటే "అయిదొందల పైచిలుకు" అంటుంది అమ్మమ్మ. తాతయ్య వయసు "ఎనభైకి అటూ ఇటూ". పక్క ఊరు "ఓ పది కిలోమీటర్లు". రమారమి, ఇంచుమించు, ఉజ్జాయింపు, దాదాపు అంటూ ఇన్ని మాటలున్న ఇంట్లోంచి వచ్చిన పిల్లలకు ఇది కొత్త విద్య కాదు. వాళ్లకు తెలిసినదానికి బడిలో ఒక పద్ధతి చూపించాలి, అంతే.

నేను వరండాలో సుద్దముక్కతో పొడుగాటి గీత గీస్తాను. ఈ చివర 30, ఆ చివర 40, మధ్యలో సమానంగా తొమ్మిది అడ్డగీతలు. ఒకణ్ని పిలిచి 37 మీద నిలబడమంటాను. ఏ చివరకు తక్కువ అడుగులు పడతాయో నడిచి చూడమంటాను. అటు మూడడుగులు, ఇటు ఏడడుగులు. వాడికి ఇక ఏ సూత్రమూ అక్కర్లేదు. ఇంకొకరిని 32 మీద నిలబెడితే రెండడుగుల్లో 30కి చేరతారు. 'తగ్గించడం' అంటే 20కి వెళ్లిపోవడం కాదని కాళ్లకే తెలిసిపోతుంది. ఇదే గీతకు 390, 400 చివరలు పెట్టి 397 మీద నిలబెట్టండి. పుస్తకంలో 9కి ఒకటి కలిపి 3100 అని రాసే పిల్లలు కూడా మూడడుగులేసి 400కు చేరిపోతారు.

తర్వాత ఒక పాపను 35 మీద నిలబెడతాను. వరండా అంతా గోల మొదలవుతుంది. అటు అయిదు, ఇటు అయిదు. "ఎటు పోవాలి సార్?" ఈ ప్రశ్న వచ్చేదాకా అయిదు సంగతి ఎత్తకూడదు. వచ్చాక మాత్రం నిజం చెప్పాలి: 35 దేనికీ దగ్గర కాదు, అందరం ఒకేలా చేయాలని పైకి వెళ్దామని పెట్టుకున్న కట్టుబాటు ఇది. ఆ కట్టుబాటులో ఒక సౌలభ్యం కూడా ఉంది. వందలకు సవరించేటప్పుడు పదుల స్థానంలో 5 ఉన్న సంఖ్యలు 350 నుంచి 359 దాకా పది. వాటిలో సరిగ్గా మధ్యలో ఉన్నది 350 ఒక్కటే. మిగతా తొమ్మిదీ 400కే దగ్గర. ఆ ఒక్కదాన్నీ పైకే పంపితే, పదుల అంకె ఒక్కటి చూసి తేల్చేయొచ్చు, ఒకట్ల వైపు చూడనక్కర్లేదు. పిల్లలకు ఈ కారణం చెబితే సూత్రం మంత్రంలా కాకుండా మాటలా గుర్తుంటుంది.

దగ్గర అన్న ఊహ లేకపోతే పెద్దవాళ్లం కూడా జారిపడే చోటు ఒకటుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,45,80,777. దీన్ని దగ్గరి పది లక్షలకు సవరిస్తే ఎనిమిదిన్నర కోట్లు. ఆ ఎనిమిదిన్నరను మళ్లీ దగ్గరి కోటికి సవరిస్తే తొమ్మిది కోట్లు. కానీ అసలు సంఖ్యను నేరుగా చూడండి. ఎనిమిది కోట్లకు అది సుమారు 46 లక్షల దూరంలో ఉంది, తొమ్మిది కోట్లకు 54 లక్షల దూరంలో. సరైన జవాబు ఎనిమిది కోట్లే. పిల్లల పుస్తకాల్లో 758ని 760 చేసి, 760ని 800 చేసినప్పుడు జవాబు ఒప్పే వస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు. అదే పిల్లలకు 448 ఇచ్చి చూడండి, 500 అంటారు. సవరించినదాన్ని మళ్లీ సవరించకూడదు. ప్రతిసారీ అసలు సంఖ్య దగ్గరికే వెళ్లి అడగాలి.

ఎక్కడ సవరించాలో ఎంత ముఖ్యమో, ఎక్కడ సవరించకూడదో కూడా అంతే ముఖ్యం. పదో తరగతిలో పాసు మార్కు 35. 34 దానికి ఎంత దగ్గరైనా 34 మార్కులే. ఫోన్ నంబరుకు, మందు మోతాదుకు ఉజ్జాయింపు పనికిరాదు. 42 మంది పిల్లలు విహారయాత్రకు వెళ్తుంటే, వ్యానుకు పదిమంది చొప్పున ఎన్ని వ్యాన్లు కావాలి? 42కు దగ్గరి పది 40 అని నాలుగు మాట్లాడితే ఇద్దరు బడి గేటు దగ్గరే మిగిలిపోతారు. లెక్క ఎవరికోసమో, ఎందుకోసమో అడిగే అలవాటు ఇలాంటి ప్రశ్నలతోనే వస్తుంది.

ఇది పరీక్షతో పోయే పాఠం కాదు. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి సవరించమంటుంది: యాభై పైసలు, ఆ పైన ఉంటే రూపాయి చేయాలి, తక్కువుంటే వదిలేయాలి. మన పిల్లలు నేర్చుకునే కట్టుబాటే అది. చాలా దుకాణాల బిల్లు అడుగున 'రౌండ్ ఆఫ్' అన్న వరుస కనిపిస్తుంది. ఇంటికి తెచ్చిన బిల్లు పారేయకుండా పిల్లల చేతికివ్వండి.

ఇంకా మంచిది, బిల్లు రాకముందే అడగండి. కిరాణా కొట్లో 48, 112, 67 రూపాయల సరుకులు తీసుకున్నారు. "ఎంతవుతుందంటావు?" అంటే యాభై, నూట పది, డెబ్భై కలిపి "రెండొందల ముప్పై దాకా" అనగలగాలి మీ అమ్మాయి. అసలు మొత్తం 227. కొట్లో పొరపాటున 327 అన్నారనుకోండి. కాగితం, కలం లేకుండానే ఆ పిల్ల తలెత్తి "మళ్లీ ఒకసారి చూడండి అంకుల్" అంటుంది. ఏది దగ్గరో తెలిసినందుకే ఏది దూరమో ఆ పిల్లకు వెంటనే పట్టుబడింది.

— లెక్కల మాస్టారు