పసిడి ఊరికి రెండు రోజుల ధ్యానం

బంగారం అంగళ్ల ప్రొద్దుటూరులో ఒక శనివారం, ఒక ఆదివారం ధ్యాన పరిచయ శిబిరం జరగాలి. ఫీజు ఉండకూడదు. అంతా తెలుగులోనే సాగాలి. అంగట్లో గుమాస్తాకూ, మగ్గం గుంతలో కూర్చునే మనిషికీ వీలయ్యే వేళల్లో పెట్టాలి. ఆ తర్వాత జమ్మలమడుగులో, పులివెందులలో జరగాలి. ఈ వారం నేను అడగదలచుకున్నది ఇదే.

ధ్యానం మాటెత్తితే మన దగ్గర రెండు జవాబులు వస్తాయి. అది సన్నాసుల పని, సంసారులకెందుకనేది ఒకటి. బెంగళూరు, హైదరాబాదు ఉద్యోగాల వాళ్ల ముచ్చట అనేది రెండోది. రెండో మాటలో నిజముంది. రిసార్టుల్లో, ఇంగ్లీషులో, వేల రూపాయలు కట్టించుకుని జరిగే శిబిరాలు మన బస్టాండు మనిషికి అందవు. మొదటి మాట మాత్రం తప్పు. బర్మాలో ఊ బా ఖిన్ అనే పెద్దాయన ఉండేవాడు. 1948లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు తొలి అకౌంటెంట్ జనరల్ ఆయనే. సంసారి. తన ఆఫీసు సిబ్బందికి ఆ ఆఫీసులోనే ధ్యానం నేర్పాడు. 1955లో ఆయన దగ్గరికి వెళ్లిన సత్యనారాయణ గోయెంకా పెద్ద వ్యాపారి. తీరని తలనొప్పితో వెళ్లాడు. కేవలం తలనొప్పి పోవడానికే అయితే నేర్పనని గురువు మొదట ఒప్పుకోలేదు. ఆ గోయెంకానే 1969లో మన దేశానికొచ్చి విపశ్యన అనే ఆ ధ్యాన పద్ధతిని నేర్పడం మొదలుపెట్టాడు. 1976లో హైదరాబాదు నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త కేంద్రం వెలిసింది. ఒకరు లెక్కల మనిషి, ఇంకొకరు బేరాల మనిషి. వాళ్లు నేర్పిన విద్య ప్రొద్దుటూరుకు పరాయిదెట్లా అవుతుంది?

విపశ్యన శిబిరం పది రోజులు. తెల్లవారుజామున నాలుక్కే గంట కొడతారు. మాటలుండవు, ఫోనుండదు, రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవాలి. ఫీజు లేకపోయినా ఆ పది రోజులు అందరికీ దొరకవు. మోరగుడిలో, దొమ్మరనంద్యాలలో మగ్గం పది రోజులు ఆగితే ఇల్లు గడవదు. పులివెందుల చీనీ తోటకు కరెంటు వచ్చిన వేళకు మోటారు వేయాల్సిందే. అందుకే రెండు రోజులు అంటున్నాను. దానికి విపశ్యన అని పేరు పెట్టొద్దు. శ్వాసను గమనించడం ఒక్కటే నేర్పాలి. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి. మోకాళ్లు నొప్పులుంటే కుర్చీ వేసుకోవచ్చు. ముక్కు దగ్గర గాలి లోపలికి పోవడం, బయటికి రావడం తెలుసుకోవాలి. మనసు అప్పుల మీదికో, ఆడపిల్ల పెళ్లి మీదికో పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే కోప్పడకుండా వెనక్కి తెచ్చుకోవాలి. ఇరవై నిమిషాలు కూర్చుని, పది నిమిషాలు నెమ్మదిగా నడిచి, మళ్లీ కూర్చోవాలి.

ఇది సీమకు కొత్త కాదు. కర్నూలులో 1990లో సుభాష్ పత్రి మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యాన ఉద్యమంతో ‘శ్వాస మీద ధ్యాస’ అన్న మాట ఇక్కడి ఇళ్లకు ఎప్పుడో చేరింది. పిరమిడ్ శక్తి మీద నాకు నమ్మకం లేదు. శ్వాసను గమనించమని బుద్ధుడు చెప్పిన ఆనాపానసతిని సంసారుల నోట పలికించినందుకు మాత్రం పత్రికి దణ్ణం పెడతాను.

బంగారం పని చేసేవాళ్లకు ఈ విద్యను వేరే ఊరి పోలికలతో చెప్పనక్కర్లేదు. అంగుత్తర నికాయంలో బుద్ధుడే కంసాలి పోలిక తెచ్చాడు. కంసాలి బంగారాన్ని ఒకసారి ఊదుతాడు, ఒకసారి నీళ్లు చిలకరిస్తాడు, ఒకసారి ఊరికే చూస్తాడు. ఊదుతూనే ఉంటే బంగారం కాలిపోతుంది. నీళ్లు చల్లుతూనే ఉంటే చల్లబడిపోతుంది. చూస్తూనే కూర్చుంటే పాకానికి రాదు. మనసుతోనూ అంతే అన్నాడు. మన వీధుల్లో గ్యాసు మంటలు వచ్చినా, ఊదుగొట్టం పట్టిన పాతకాలపు పనివాళ్లు ఇంకా కనిపిస్తారు. వెలిగారం అద్ది, టంకం ముక్క పెట్టి, బుగ్గల్లో గాలి నిలిపి, మంటను సన్నగా సాగదీసి అతుకు దగ్గరికి తెస్తారు. టంకం కరిగి మెరిసిన క్షణంలో ఊదడం ఆపాలి. ఒక్క ఊపిరి ఎక్కువైతే చెవి కమ్మే కరిగి జారిపోతుంది. అట్లాంటి పనివాడు శిబిరానికి వస్తే మొదటి వరుసలో కూర్చోబెట్టి, మిగతావాళ్లకు ఆయన చేత చెప్పించాలని నా కోరిక.

కళ్లు మూసుకోవడంతోనే పని అయిపోదు. పత్తికొండ, గుత్తి మధ్య ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. తల్లిదండ్రుల మాట వినమని, ప్రాణుల మీద దయ చూపమని, నిజం చెప్పమని పల్లెల్లో భేరి కొట్టించి చాటమని వాటిలో అధికారికి ఆజ్ఞ ఉంది. ఏనుగుల వాళ్లకు, రాతగాళ్లకు కూడా ఇది నేర్పమన్నాడు. ధ్యానం మాట అక్కడ లేదు, నడవడి మాటే ఉంది. పొద్దున శ్వాస చూసుకుని మధ్యాహ్నం తూకంలో మోసం చేస్తే ఆ కూర్చోవడం దేనికి? కాబట్టి శిబిరంలో ఒక పూట తూకం గురించి, వడ్డీ గురించి, ఇంట్లో విసిరే మాటల గురించి మాట్లాడుకోవాలి. క్రికెట్ పందేల్లో మునిగిన కుర్రవాళ్లు మన మధ్యే ఉన్నారు. పందెం కట్టాలన్న తహతహ ఒంట్లో ఎట్లా లేస్తుందో, దాన్ని తీర్చకుండా కాసేపు చూస్తూ ఉంటే ఎట్లా తగ్గుతుందో వాళ్లకు తెలియాలి. అది మాత్రమే చాలదు. అప్పుల సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం కూడా కావాలి.

నేర్పేవాళ్లకు ఒక విన్నపం. బీపీ తగ్గుతుందనీ, షుగరు మాత్రలు మానేయొచ్చనీ ఎవరికీ చెప్పొద్దు. తీవ్రమైన దిగులుతో, చనిపోవాలన్న ఆలోచనతో వచ్చినవాళ్లను గంటలకొద్దీ మౌనంగా కూర్చోబెట్టొద్దు. డాక్టరు దగ్గరికి పంపాలి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ నంబరు 14416ను గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి.

రెండు రోజుల్లో మనుషులు మారిపోరు. 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ ఆసుపత్రి రోగుల కోసం ఇట్లాంటి తరగతి మొదలుపెట్టాడు. ఇప్పుడు దాని గడువు ఎనిమిది వారాలు. మనమూ శిబిరం తర్వాత ఎనిమిది ఆదివారాలు పొద్దున ఒక గంట కలుసుకోవాలి. చోటు కోసం వెతుక్కోనక్కర్లేదు. మూఢంలో పెళ్లిళ్లుండవు, కల్యాణ మండపాలు ఖాళీ. బంగారం అంగళ్లలోనూ బేరాలు తగ్గుతాయి, పనివాళ్లకు కాస్త తీరిక. వచ్చే మూఢంలో రెండు రోజులు మండపం తాళాలిచ్చి, జంపఖానాలు పరిపించి, తాగడానికి మజ్జిగ పోయించే యజమాని ఒక్కరు ముందుకు రావాలి.