హంగుల బండి కాదు, గూడుబండి కావాలి

బెర్లిన్‌లో సైట్ల మీద పనిచేసే మనవాళ్లలో నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్లకు ఒక ముచ్చట ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొనాలి, సోమవారం నుంచి శుక్రవారం దాకా దాంట్లోనే పనికి పోవాలి, శనివారం పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని ఏ చెరువు పక్కకో పోయి రాత్రి అందులోనే పడుకోవాలి. ముచ్చట మంచిదే. మా అభ్యంతరం బండి కొనడం మీద కాదు, కొన్న మర్నాడు మొదలుపెట్టే ఖర్చు మీద. టైర్లు పెద్దవి వేయించడం, సస్పెన్షన్ రెండంగుళాలు లేపించడం, ముందు ఇనుప బంపరు, దాని మీద వించి, నెత్తిన ఎల్‌ఈడీ లైట్ల బారు. డబ్బంతా అక్కడే అయిపోతుంది. పడక, వంట, కరెంటు, చలి సంగతికి వచ్చేసరికి చేతిలో చిల్లర మిగులుతుంది.

అంత ఎత్తు లేపిన బండిని ఇక్కడ ఎక్కడ నడుపుతాం చెప్పండి? బెర్లిన్ చుట్టూ ఉన్నది బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రం. ఇసుక నేల, పైన్ అడవులు, లెక్కలేనన్ని చెరువులు. చూస్తే ఇలాంటి బండ్ల కోసమే పుట్టిన నేలలా ఉంటుంది. కానీ ఆ అడవి బాటలు నడిచేవాళ్లవి, సైకిళ్లవి. మామూలు జనం మోటారు బండి తోలితే జరిమానా పడుతుంది. గల్ఫ్‌లో ఉన్న మన మిత్రులకు ఎడారి ఉంది, టైర్లలో గాలి తగ్గించి ఇసుక దిబ్బలెక్కుతారు, తారు రోడ్డు రాగానే మళ్లీ నింపుకుంటారు. వాళ్ల లెక్క వేరు. మనకు కావలసింది వాన పడిన పచ్చికలోంచి, బురద సైట్‌లోంచి బండి బయటపడటం. దానికి కంపెనీ ఇచ్చిన ఫోర్ వీల్ డ్రైవ్, సరైన టైర్లు చాలు. సరైన టైరు అంటే పెద్ద గాళ్లున్న టైరు కాదు. జర్మనీలో మంచు పట్టిన రోడ్డు మీద మూడు శిఖరాల నడుమ మంచురేకు గుర్తున్న టైర్లే చెల్లుతాయి. 2024 అక్టోబరు నుంచి వట్టి ‘ఎం ప్లస్ ఎస్’ గుర్తుకు విలువ లేదు. బురద టైర్లలో చాలావాటి మీద ఉండేది ఆ వట్టి గుర్తే. జనవరిలో తెల్లవారుజామున ఐదింటికి సైట్‌కు బయల్దేరేవాడికి ఇది చిన్న విషయం కాదు.

ఇక కాగితాలు. ఈ దేశంలో బండి అంటే సగం ఇనుము, సగం కాగితం. బండి రకాన్ని మార్చేది, ఇతరులకు ప్రమాదం తెచ్చేది, పొగనో చప్పుడునో పెంచేది ఏ మార్పు చేసినా ఆ బండిని నడిపే అనుమతే రద్దవుతుందని ఇక్కడి రవాణా నిబంధనల్లో 19వ సెక్షన్ చెబుతుంది. కొన్ని విడిభాగాలకు వాటితో వచ్చిన అనుమతి పత్రం బండిలో ఉంచుకుంటే సరిపోతుంది. సస్పెన్షన్, బంపరు, పెద్ద టైర్ల వంటివాటికి ట్యూఫ్ లేదా డెక్రా ఇంజనీరు వచ్చి చూసి బండి పత్రాల్లో ఎక్కించాలి. ఎక్కించకపోతే రెండేళ్లకోసారి జరిగే తనిఖీలో ఆగిపోవడం ఒక్కటే కాదు, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. తక్కువలో పని చేసిపెడతానన్న షెడ్డువాడు ఆ రోజు మన పక్కన నిలబడడు.

అసలు మనవాళ్లకు ఈ విద్య కొత్తదా? మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఎడ్లబండ్ల మీద పోయి, బండి పక్కన వండుకుని, బండిలోనే పడుకుని వచ్చిన తరం మన ఇళ్లల్లో ఇంకా ఉంది. వెదురు బద్దలు వంచి పైన చాప కప్పితే గూడు. కింద వరిగడ్డి, దాని మీద బొంత. ఇరుసు కింద లాంతరు. జాతర నుంచి రాగానే గూడు విప్పి గోడకు ఆనించేవారు, మర్నాడు అదే బండి మీద ఎరువు తోలేవారు. గూడు కోసం బండిని కోసిందీ లేదు, బండి కోసం గూడు మానుకున్నదీ లేదు. పికప్‌కైనా ఇదే పద్ధతి పనికొస్తుందని మా అభిప్రాయం. తొట్టి కొలతకు సరిగ్గా ప్లైవుడ్ పెట్టె చేయించండి, లేదా మీరే చేసుకోండి. షట్టరింగ్ చేసిన చేతులకు అదెంత పని? సొరుగుల్లో స్టవ్వూ సామానూ, పైన పరుపు. బోల్టులతో బిగించాలి, గట్టిగా బ్రేకు వేసినా కదలకూడదు. ఆదివారం రాత్రి ఇద్దరు పట్టి దింపితే సోమవారానికి పనిబండి సిద్ధం.

దింపడం ఎందుకంటారా? బరువు కోసం. సైట్‌లో స్లాబు మీద ఇన్ని బస్తాల కంటే పేర్చొద్దని కేకలేసే మనమే సొంత బండికి లెక్క వెయ్యం. వెయ్యి కిలోలు మోసే పికప్ అనుకోండి. తొట్టి మీద హార్డ్‌టాప్ సుమారు 70 కిలోలు, రూఫ్ టెంట్ 60, సొరుగుల పెట్టె 80, మామూలు లెడ్ బ్యాటరీ 30, నీళ్లు 80 లీటర్లంటే 80 కిలోలే, ఇనుప బంపరూ వించీ కలిపి 80, అదనపు స్టెప్నీ దాని స్టాండూ 40. మొత్తం 440. డ్రైవరు బరువు ఖాళీ బండి లెక్కలోనే ఉంటుంది, ఇంకో ముగ్గురెక్కితే 225. మిగిలింది 335 కిలోలు, అంటే ఇక్కడి 25 కిలోల సిమెంటు బస్తాలు పదమూడు. ఇంకా పనిముట్లు ఎక్కనే లేదు. పైకప్పు టెంట్ పెట్టేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి: నడుస్తున్నప్పుడు చాలా బండ్ల కప్పు 75 నుంచి 100 కిలోలకు మించి మోయదు. మామూలు బి క్లాసు లైసెన్సుకు మొత్తం బరువు పరిమితి 3.5 టన్నులు. మన ఇండియా లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టిన ఆరు నెలల వరకే నడుస్తుంది, ఆ తర్వాత పరీక్షలు రాయాల్సిందే.

కరెంటు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీని ఫ్రిజ్‌కు వాడొద్దు, రెండోది విడిగా పెట్టాలి, ప్లస్ వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. లిథియం బ్యాటరీ తేలిక, కానీ సున్నా డిగ్రీల కింద ఛార్జి చేస్తే పాడవుతుంది. బెర్లిన్ చలికాలంలో దాన్ని లోపల పెట్టాలి, లేదా హీటింగ్ ఉన్నది కొనాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది చలి. తలుపులు బిగించిన బండిలో బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ వెలిగించుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చంపేస్తుంది. వాసన రాదు, దగ్గు రాదు, నిద్రలోనే పని అయిపోతుంది. గల్ఫ్ క్యాంపుల్లో గదుల్లో కుంపటి పెట్టుకునే సోదరులకూ ఇదే చెబుతున్నాం. వించి కొనే డబ్బుతో పొగ బయటికి పోయేలా బిగించిన డీజిల్ హీటరు, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ వస్తాయి. గ్యాస్ బిగించిన క్యాంపింగ్ బండ్లకు 2025 నుంచి జర్మనీలో రెండేళ్లకోసారి గ్యాస్ తనిఖీ తప్పనిసరి చేశారు. మంచి పనే చేశారు.

కొనేముందు అద్దం మీద స్టిక్కరు చూడండి. బెర్లిన్ నడిబొడ్డున, ఎస్-బాన్ రింగు లోపల, 2008లో పర్యావరణ మండలం పెట్టారు. 2010 నుంచి అక్కడ ఆకుపచ్చ స్టిక్కరు బండ్లకే ప్రవేశం. చవగ్గా దొరికే పాత డీజిళ్లలో ఫిల్టరు లేనివాటికి ఆ స్టిక్కరు రాదు. సైట్ రింగు లోపల ఉంటే ఆ బండి ఇంటి ముందు అలంకారమే. రాత్రి పడక సంగతికొస్తే, అలసట తీరి మళ్లీ నడపగలిగేందుకు మామూలు పార్కింగ్‌లో ఒక రాత్రి బండిలో నిద్రపోతే ఎవరూ ఏమీ అనరు. కుర్చీలు బయట వేసి పందిరి లాగితే అది క్యాంపింగ్ కిందికి వస్తుంది, దానికి వేరే చోట్లున్నాయి.

ఊరికి తిరిగెళ్లాక అక్కడా ఇలాంటి బండే చేయించుకుంటామనే మిత్రులున్నారు. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణలో యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. తొట్టిలో పెట్టి దింపుకునే పెట్టెకు బండిని కోయక్కర్లేదు. బండి అమ్మినా పెట్టె మనదే, తర్వాతి బండి కొనేటప్పుడు తొట్టి కొలత చూసుకుంటే సరి.