వేసవి సెలవుల్లో చిన్న చేతులకు పని

 

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూతపడతాయి. మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. కర్నూలు, కడప సీమల్లో ఈ నెలన్నర కాలం పగలు పది దాటితే పిల్లలను వీధిలోకి పంపలేము. ఉదయం మక్తబ్‌లో ఖుర్ఆన్ పాఠం ముగించుకొని ఇంటికి వచ్చిన పిల్లవాడికి అసర్ నమాజు వరకు నాలుగు గోడల మధ్యే గడపక తప్పదు. ఆ ఏడెనిమిది గంటలను నేడు అధిక శాతం ఇళ్లలో సెల్‌ఫోనే మింగుతున్నది. ఫోన్ లాక్కుంటే ఏడుపు, ఇస్తే మౌనం. ఆ మౌనాన్నే మనం ప్రశాంతత అనుకుంటున్నాము.

మరో సంగతి కూడా ఆలోచించాలి. ఆదోని, ఆలూరు, కోసిగి ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. పిల్లలు అవ్వాతాతల దగ్గరో, సీజనల్ హాస్టళ్లలోనో ఉండిపోతారు. కోతలు ముగిశాక వేసవిలోనే ఆ తల్లిదండ్రులు, బిడ్డలు ఒక కప్పు కింద కలుసుకుంటారు. అలాంటి ఇంట్లో ఆ కొద్ది రోజులూ ఎవరి ఫోన్ వారు చూసుకుంటూ గడిచిపోతే ఆ నష్టాన్ని ఏ కూలీ పూడ్చగలదు?

పిల్లలను మరల్చడానికి వారి చేతికి ఏదో ఒకటి తయారు చేసి ఇవ్వడం మన ధర్మంలో కొత్త విషయం కాదు. ఆషూరా ఉపవాసం గురించి హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (ర) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మదీనా స్త్రీలు తమ పిల్లల చేత ఆ రోజు ఉపవాసం పాటింపజేసేవారు. వారి కోసం ఉన్నితో ఆటబొమ్మలు చేసి ఉంచేవారు. ఆకలికి ఏడ్చిన బిడ్డ చేతికి ఆ బొమ్మ ఇచ్చి ఇఫ్తార్ వరకు మురిపించేవారు. హజ్రత్ ఆయిషా (ర) బొమ్మల్లో గుడ్డపీలికల రెక్కలు తగిలించిన గుర్రం ఒకటి ఉండేదని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగితే, సులైమాన్ ప్రవక్త (అ) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులు చెప్పారు. దైవప్రవక్త (స) దంతాలు కనిపించేలా నవ్వారు. ఈ ఉల్లేఖనాల ఆధారంగానే పిల్లల ఆటబొమ్మల విషయంలో చాలామంది ధర్మవేత్తలు వెసులుబాటు ఇచ్చారు.

ఈ సెలవుల్లో పైసా ఖర్చు లేకుండా, లేదా నామమాత్రపు ఖర్చుతో ఇంట్లో చేసుకోదగిన మూడు పనులను ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటిది పక్షులకు నీటి మూకుడు. కుమ్మరి దగ్గర వెడల్పాటి మట్టి మూకుడు ఒకటి కొనండి. పాత గోనెసంచిని విప్పి దారాలు తీయమని పిల్లలకు చెప్పండి. కొన్ని దారాలు కలిపి ఒక పాయగా, అలాంటి మూడు పాయలను జడ అల్లినట్లు అల్లితే గట్టి తాడు తయారవుతుంది. రెండేసి మూరల తాళ్లు నాలుగు కావాలి. నాలుగింటినీ ఒక కొసన కలిపి ముడి వేసి, ఆ ముడి మీద మూకుడు అడుగు ఆనించండి. మూకుడు అంచు కింద చుట్టూ మరో తాడు బిగించి, నాలుగు తాళ్లనూ సమదూరంలో దానికి కట్టండి. పై కొసలను కలిపి వేపచెట్టు నీడన, పిల్లి అందుకోలేని ఎత్తులో వేలాడదీయండి. ప్రతి ఉదయం మూకుడు కడిగి నీళ్లు మార్చే బాధ్యత పిల్లవాడిదే. ప్రాణమున్న ప్రతి జీవికి చేసే మేలుకూ పుణ్యఫలం ఉందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధ పుస్తకంలో చదివిన దానికంటే పిచ్చుక వచ్చి వాలినప్పుడు బిడ్డ మనసుకు బాగా పడుతుంది.

రెండవది రిహల్. ఖుర్ఆన్ పఠించేటప్పుడు ముందు పెట్టుకునే చెక్క పీటను పనివారు ఒకే పలక నుండి కీలు సహా చెక్కుతారు. ఖాయిదా, పారా వంటి పలుచని పుస్తకాలకు సరిపోయే రిహల్‌ను పిల్లలు అట్టతో చేయగలరు. అట్టపెట్టె నుండి 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్కలు నాలుగు కోసి, రెండేసి చొప్పున గంజితో అతికించి, బరువు పెట్టి ఆరనివ్వండి. రెండు గట్టి పలకలు వస్తాయి. ఒక్కొక్క పలకకు అడుగు నుండి 15 సెంటీమీటర్ల ఎత్తులో అడ్డంగా గీత గీయండి. మొదటి పలకకు ఎడమ అంచు నుండి మధ్య వరకు, రెండవదానికి కుడి అంచు నుండి మధ్య వరకు ఆ గీత వెంట గాడి కోయండి. గాడి వెడల్పు అట్ట మందానికి రెట్టింపు ఉండాలి, లేకుంటే పలకలు ఏటవాలుగా నిలవవు. ఒక గాడిలోకి మరొకటి జొప్పిస్తే రిహల్ నిలబడుతుంది. కాళ్లు మరీ విచ్చుకోకుండా కింది భాగాన దారం కట్టండి. కత్తితో కోసే పని పెద్దలే చేయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత శుభలేఖలను, ఉర్దూ పత్రికలను ఇటువంటి పనులకు వాడుతుంటాము. వాటి మీద బిస్మిల్లాహ్, ఆయతులు, అల్లాహ్ పేరు ఉంటే ఆ భాగాన్ని ముందే వేరుచేసి గౌరవంగా భద్రపరచాలి. దీన్ని పిల్లల చేతనే చేయిస్తే అదబ్ కూడా నేర్చినట్లవుతుంది.

మూడవది విసనకర్ర. ఈతచాపలు అల్లే ఊళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. ఈతాకు దొరికితే మంచిదే. దొరకకపోతే పాత క్యాలెండరు కాగితాన్ని మడిచి రెండు సెంటీమీటర్ల వెడల్పు గల పట్టీలు చేయండి. నిలువుగా పది పరిచి, అడ్డంగా పది పట్టీలను ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి వచ్చేలా అల్లండి. రెండవ వరుసలో క్రమం తారుమారు కావాలి. అంచుల చుట్టూ పాత చీర పీలిక మడిచి కుట్టండి. వెదురు పుల్ల కొసను చీల్చి, అందులో అల్లికను ఇరికించి దారంతో బిగిస్తే విసనకర్ర సిద్ధం. కరెంటు పోయిన మధ్యాహ్నం మనవడు అల్లిన విసనకర్రతో విసురుకునే అవ్వ చేసే దుఆకు వెల కట్టగలమా?

ఈ కుట్టుపని మగపిల్లలకు కూడా నేర్పండి. సూది ఆడపిల్లలదేనన్న అభిప్రాయానికి సున్నత్‌లో ఆధారం లేదు. దైవప్రవక్త (స) తన చెప్పులను తానే బాగుచేసుకునేవారని, తన దుస్తులను తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలియజేశారు. కాబట్టి తండ్రులు కూడా ఒక గంట నేల మీద కూర్చోవాలి. బిడ్డ అల్లిక వంకరగా వస్తే లాక్కొని సరిచేయకండి. వంకర ఎక్కడ వచ్చిందో అడగండి, విప్పి మళ్లీ అల్లే ఓపికను నేర్పండి. పూర్తయిన వెంటనే ఫోటో తీసి నలుగురికీ పంపే తొందర కూడా వద్దు. చూపించుకోవడం కోసం చేసే అలవాటు చిన్ననాడే నాటుకోకూడదు. దానికి బదులు, చేసిన మొదటి వస్తువును ఎవరికైనా కానుకగా ఇప్పించండి. విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (ర) తన చేతిపని సంపాదనను దానం చేసేవారు. దైవప్రవక్త (స) ఏ సతీమణి చేయి పొడుగైనదని అన్నారో, ఆమె జైనబేనని తరువాత అందరూ గ్రహించారు. ఆ పొడుగు దాతృత్వానిది.

వీలైతే ఒక ఉదయం పిల్లలను పనివారి దగ్గరికి తీసుకువెళ్లండి. కర్నూలు వైపు వారికి ఎమ్మిగనూరు మగ్గాలున్నాయి. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. కడప వైపు వారికి మాధవరం చీరల నేత ఉంది, రైల్వే కోడూరు సమీపాన శెట్టిగుంట కొయ్యపని ఉంది. ఆళ్లగడ్డలో రాతిని చెక్కే శిల్పులున్నారు. ఒక వస్తువు వెనుక ఎన్ని గంటల శ్రమ ఉందో చూసిన బిడ్డ బేరమాడే తీరు కూడా మారుతుంది.

చివరగా అసలు మాట. దూది ఏకడం, పరుపులు కుట్టడం తరతరాల వృత్తిగా గల దూదేకుల కుటుంబాలు మన సీమలో వేలకొద్దీ ఉన్నాయి. నద్దాఫ్ అనే ఇంటిపేరుకు అరబీలో దూది ఏకేవాడని అర్థం. ఆ పేరు చెప్పుకోవడానికి నేడు కొందరు పిల్లలు సిగ్గుపడుతున్నారు. మదరసాలో మేము బోధించే ఫిఖ్హ్ గ్రంథకర్తల పేర్లు వారికి వినిపించాలి. హిజ్రీ 428లో మరణించిన ఇమామ్ ఖుదూరీ పేరు కుండలకు సంబంధించినది. హిజ్రీ 261లో మరణించిన ఇమామ్ ఖస్సాఫ్ చెప్పులు కుట్టి జీవించారు. ఖఫ్ఫాల్ మర్వజీ తాళాలు చేసే పనివాడు, ముప్పయ్యేళ్ల వయసులో విద్యకు పూనుకొని గొప్ప ధర్మవేత్త అయ్యారు. వారు తమ వృత్తి పేరును దాచుకోలేదు, దాన్నే బిరుదుగా ధరించారు. తన చేతి కష్టంతో తిన్న అన్నం కంటే మేలైన అన్నం లేదని, దావూద్ ప్రవక్త (అ) అలాగే తినేవారని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. రాజ్యమేలిన ఆ ప్రవక్తకు కవచాలు చేసే విద్యను తానే నేర్పానని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో తెలిపాడు.

సెలవులు ముగిసేనాటికి ఇంట్లో ఒక మూకుడు, ఒక రిహల్, ఒక విసనకర్ర మిగులుతాయి. వర్షాలకు అట్ట మెత్తబడవచ్చు, తాడు తెగవచ్చు. చేతిపనిని గౌరవించే మనసు, తండ్రి పక్కన కూర్చున్న జ్ఞాపకం బిడ్డలో నిలిచిపోతాయి. అల్లాహ్ మన బిడ్డల చేతులకు మేలైన పనిని, ఆ పనిలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.